హ్యూస్టన్ పొయ్యి మీద జొన్నరొట్టె – మన పెంక చరిత్ర



యాసంగి జొన్న ఏసే దినాలు దగ్గరికొచ్చినయి. దానికంటే ముందు ఒక ముచ్చట చెప్పాలె. కొంచెం పొడుగే ఉంటది. పొద్దుగూకినంక, పని ఒడిసినంక నిదానంగ సదువుండ్రి.

ఈ ఏడు జూన్ల మా బిడ్డ పిలిస్తే నేను, మా ఇంటామె అమెరికా పోయినం. చేను తమ్మునికి అప్పజెప్పి పోయినం. బిడ్డ వాళ్లు ఉండేది టెక్సాస్ రాష్ట్రంల హ్యూస్టన్. కొత్త ఇల్లు కొన్నరు. వంటింట్ల పొయ్యి సూస్తే నాలుగు మంటలు పక్కలకున్నయి. నడుమ మూరెడు పొడుగు, జానెడు వెడల్పు నల్లటి ఇనుప పలక ఉంది. అది పొయ్యిలనే బిగించి ఉంది. కిందనే దానికి వేరే మంట, ముందల దానికి వేరే మర.

“ఇదేంది బిడ్డా, ఇస్త్రీ పెట్టె లెక్క?” అని అడిగిన.

“పెనమే నాయనా. పొయ్యితోటే వచ్చింది. ఇప్పటిదాంక నేను కూడ సరిగ్గ వాడలేదు. ఏం ఏసినా అంటుకుంటుంది” అన్నది.

మా ఇంటామె నవ్వింది. “జొన్నపిండి ఉందా? నేను సూపెడత” అన్నది. చిన్నప్పటి సంది రొట్టె కొట్టిన చెయ్యి అది. నేను కూడ ఇదెంత పని అనుకున్న.

మొదటి దినం ఏమైందో దాచకుండ చెప్తున్న. మంట పెట్టి రెండు నిమిషాలు ఆగి రొట్టె ఏసింది. అది పలకకు అంటుకుపోయింది. అట్లకాడతో గీకితే నడుమకు చినిగింది. రెండోదానికి పలక మీద నూనె పోసింది. పొగ లేసింది. ఇంటి కప్పుకున్న పొగ గంట కుయ్యోమని అరిచింది. నిద్రపోతున్న మనుమడు లేచి ఏడ్చిండు. మా అల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలతో విసురుడు, మా బిడ్డ కిటికీలు తెరుసుడు. ఆ పూట అందరం అన్నమే తిన్నం. మా ఇంటామె ఆ రాత్రి సక్కగ మాట్లాడలేదు. వచ్చిన పని రాకుండ పోతే మనిషికి ఎట్లుంటదో మీకు తెలుసు. నలభై ఏండ్లు దున్నినోనికి నాగలి సాలు తప్పినట్టు.

మరునాడు పొద్దుగాల ఇద్దరం కలిసి ఆ పలకను చదువుడు మొదలుపెట్టినం. అక్కడ నాకు చేను లేదు, బర్రె లేదు. ఏం పని? మనుమడు, నేను నీళ్ల చుక్కలు చల్లి సూసుడు పెట్టుకున్నం. రెండు నిమిషాలకు చుక్క అక్కడనే కూసొని మెల్లగ ఆవిరైంది. అయిదు నిమిషాలకు బుస్సుమంది. పది నిమిషాలు దాటినంక చుక్క ముత్యం లెక్క గుండ్రంగై పలక మీద ఉరికింది. అప్పుడు అర్థమైంది. ఇనుము మందంగ ఉంది, వేడెక్కనీకి టైం పడతది. కని ఒక్కసారి వేడి పట్టిందంటే ఇడువదు. మన ఇంట్ల పల్చటి పెనానికి అలవాటైన చెయ్యి తొందరపడ్డది, అంతే. ముత్యాలు ఉరికినంక మంట కొంచెం తగ్గించి రొట్టె ఏస్తే సరిపోయింది.

రెండో సంగతి, పలకంతట ఒకటే వేడి లేదు. నడుమల ఎక్కువ, అంచులకు తక్కువ. రొట్టె నడుమ ఏసి, పైన తడిబట్టతో నీళ్లు రాసి, తడి ఆరంగనే తిరగేయాలె. ఇంకో రొట్టె నడుమకు రాంగనే ఇది అంచుకు జరగాలె. మూడో సంగతి, పలక ముందలకు సన్నగ వాలు ఉంది. కొవ్వు, నూనె కారి ముందలున్న గాడిల పడనీకి అట్ల చేసిండ్రు. దోశ పిండి పోస్తే అది కూడ గాడి దిక్కే పోతది. రొట్టెకైతే ఆ బాధ లేదు. నాలుగో సంగతి, రొట్టెకున్న పొడిపిండి పలక మీద రాలి మాడుతది. రొట్టె రొట్టెకు పొడిబట్టతో తుడవాలె. ఐదో సంగతి, పొంగుడు. మన దగ్గర నిప్పుల మీద పెడితే పొంగుతది. ఇక్కడ నిప్పులు లేవు. పలక మీద రెండు దిక్కులు కాల్చి, పక్కనున్న మంట మీద పట్టుకారుతో అర నిమిషం పెడితే బుగ్గ లెక్క లేసింది.

పలక అంటుకోకుండ ఉండనీకి పని ఒడిసినంక వేడి మీదనే గీకి, తుడిసి, బట్టతో కనీ కనపడనంత నూనె రాసి, ఇంకొంచెం సేపు కాల్చినం. ఆ నూనె కాలి ఇనుముకు నల్లటి పొర లెక్క పట్టుకుంటది. పది దినాలు అట్ల చేస్తే పలక మెరిసింది. మా అవ్వ పెంకకు ఉన్న నలుపు కూడ అదే.

నేను కూడ అక్కడనే రొట్టె కొట్టుడు నేర్చుకున్న. యాభై ఆరేండ్ల వయసుల! ఇన్నేండ్లు తిన్న కని ఒక్కనాడు చేసి ఎరుగ. గోధుమ పిండిల జిగురు ఉంటది, లాగితే సాగుతది. జొన్నల ఆ జిగురు లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలపాలె. ఆ వేడికి పిండిలోని గంజి కొంత ఉడికి పట్టు వస్తది. అంచును ఒక చెయ్యితో కాపాడుకుంట ఇంకో చెయ్యితో కొట్టాలె. నా మొదటి రొట్టె దేశపటం లెక్క వచ్చింది.

అక్కడ పొద్దుపోక ఈ పలక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకున్న. ఇది కొత్తదేం కాదట. 1950ల నాటికే అమెరికా ఇండ్లల్ల నడుమ పెనం బిగించిన గ్యాసు పొయ్యిలు బాగ ఉండె. లాస్ ఏంజెలస్‌ల ఓకీఫ్ అండ్ మెరిట్ కంపెనీ చేసిన పొయ్యిలు, ఇండియానా రాష్ట్రంల చేసిన చాంబర్స్ పొయ్యిలు అట్లాంటియే. పొద్దుగాల పాన్‌కేకులు, గుడ్లు, పంది మాంసం ముక్కలు ఇంటిల్లిపాదికి ఒక్కసారే కాల్చుకునేటందుకు పెట్టుకున్నరు. అంతకంటే ముందే వాళ్ల హోటళ్లల్ల పెద్ద పలకలు ఉండె. ఆలోచిస్తే మన దగ్గర లేదా? టిఫిన్ సెంటర్ల మందపు ఇనుప బండ మీద ఒక్కసారే నాలుగు దోశెలు పోస్తడు, చీపురుతో నీళ్లు చల్లి తుడుస్తడు. అది కూడ పొయ్యికి కట్టేసిన పెనమే. మన హోటలుకే ఆగింది, వాళ్లది వంటింట్లకు వచ్చింది.

ఇగ ఇంకా ఎనుకకు పోదాం. మా దిక్కు రొట్టెల పెనాన్ని పెంక అంటం. కుండ పగిలితే వచ్చే ముక్క పెంకు. ఈ రెండు మాటలు అంత దగ్గరగ ఉన్నయంటే, ఇనుపదానికి కూడ మట్టి నాటి పేరే మిగిలిందని నాకు అనిపిస్తది. మా అవ్వ పేలాలు ఏంచే మంగలం కూడ సగం పగిలిన కుండనే గద.

మన దక్కను నేల మీద ఎవుసం మొదలైన కాలంల జొన్న లేకుండె. బళ్లారి దగ్గర సంగనకల్లు అసొంటి జాగాల తవ్వితే నాలుగు వేల ఏండ్ల కిందటి అండుకొర్రలు, ఉలవలు, పెసలు దొరికినయి. జొన్న పుట్టింది ఆఫ్రికాల. ఇప్పటి సూడాన్ దేశం తూర్పు దిక్కు అయిదు వేల ఏండ్ల కిందనే దాన్ని పండించిండ్రని తవ్వకాలల్ల తేలింది. అక్కడి నుంచి సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. వచ్చింది చుట్టమే కని ఇంటి మనిషై పోయింది. నల్లరేగడి తడిని పట్టుకొని చలికాలం మంచుకు పండే పంట దానంత ఇంకోటి లేదు.

జొన్న పుట్టిన సూడాన్‌కు పక్కనే ఇథియోపియా ఉంది. అక్కడి ఆడోళ్లు ఇప్పటికీ ‘మితాద్’ అనే పెద్ద మట్టి పెనం మీద ‘ఇంజెర’ అనే పులిసిన అట్టు పోస్తరు. టెఫ్ అనే సన్న గింజతో చేస్తరు, జొన్నతో కూడ చేస్తరు. నూనె గింజలు నూరి పెనానికి రుద్దుతరు, అంటుకోకుండ. మెక్సికోల మక్కజొన్న రొట్టె కాల్చే మట్టి పెనాన్ని ‘కోమాల్’ అంటరు. వాళ్లు దానికి సున్నం నీళ్లు పూస్తరు. వాళ్ల మక్క రొట్టెల కూడ జిగురు ఉండది, అది కూడ చేతుల మధ్యన కొట్టి చేసిందే. టెక్సాస్ పక్కనే మెక్సికో గద. హ్యూస్టన్ దుకాణంల ఇనుప కోమాల్ సూసి మా ఇంటామె, “ఇది మన పెంకనే, వీళ్లకెక్కడిది?” అన్నది. ఎవ్వరిది ఎవ్వరూ సూసి నేర్వలే. జిగురు లేని గింజ, చేతితో కొట్టిన రొట్టె, సమంగ కాలే పలక. గింజ అడిగింది, మనిషి చేసిండు.

మన దగ్గరికి వద్దాం. జహీరాబాద్ నుంచి బీదర్ దాటి పోతే బసవకల్యాణ్ వస్తది. ఒకప్పుడు అది కల్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడి రాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంల ‘మానసోల్లాస’ అనే సంస్కృత గ్రంథం రాయించిండు. అండ్ల రాజు తినే వంటలు కూడ ఉన్నయి. ఇప్పటి దోశె పేరుకు దగ్గరి ‘దోసక’ ఉంది, బొబ్బట్టుకు చుట్టం ‘పోళిక’ ఉంది, కాలిన మట్టి పెంకు మీద కాల్చే పల్చటి గోధుమ ‘మండకం’ ఉంది. అంటే 900 ఏండ్ల కింద మన పక్క ఊర్ల రాజు ఇంట్ల కూడ పెనం మీద వంట ఉండె. రాజు తిన్నది పుస్తకంల ఎక్కింది. రైతు తిన్న రొట్టె ఏ పుస్తకంల ఎక్కలే. దాని చరిత్ర మన అవ్వల చేతులల్లనే ఉండె. అందుకే అది పోయినా ఎవ్వరికీ తెల్వకుండనే పోయింది.

ఇనుప పెంకకు మన దగ్గర కొదువ లేకుండె. తెలంగాణ ఇనుము పేరు దూరం పోయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంల చేసే ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేటోళ్లు. వాయ్‌సీ అనే ఇంగ్లీషాయన అక్కడ ఉక్కు చేసే తీరు కండ్లార సూసి రాసింది 1832ల అచ్చయింది. ఆ మేలు ఉక్కు కత్తులకు పోయింది. మామూలు ఇనుము ఊరి కమ్మరి కొలిమిల కర్రు అయింది, కొడవలి అయింది, మన ఇంట్ల పెంక అయింది. ఏడాదికింత గింజ ఇస్తే కమ్మరాయన అన్నీ సూసుకునేటోడు. కర్రు అరిగినా, పెంక సొట్టపోయినా అదే కొలిమి.

మా అవ్వ పెంక అట్లాంటిదే. నడుమ సన్నగ లోతు, అంచుకు ఒక చెవి, ఎత్తితే చెయ్యి గుంజేంత బరువు. అది మా నాయనమ్మ నాటిదని చెప్పేది. 1999ల ఉమ్మడి రాష్ట్రంల దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాసు ఇచ్చిండ్రు. మా ఇంటికి గ్యాసు వచ్చినంక కట్టెల పొగ పోయింది. మంచే అయింది. మా అవ్వ దగ్గు నాకు తెలుసు కాబట్టి దానికి వంక పెట్ట. కని ఆ పెంక గ్యాసు పొయ్యి కాళ్ల మీద నిలువలేదు, ఒరిగింది. మూలకు పెట్టినం.

తర్వాత నాన్‌స్టిక్ పెనం వచ్చింది. దాని కథ కూడ చెప్త. 1938 ఏప్రిల్‌ల అమెరికాల రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకేదో చేయబోతే సీసల తెల్లటి జారుడు పొడి మిగిలింది. దానికే తర్వాత టెఫ్లాన్ అని పేరు పడ్డది. 1950లల్ల ఫ్రాన్స్‌ల మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజినీరు దాన్ని చేపల గాలాల సామానుకు వాడుతుంటే, ‘నా వంట గిన్నెలకు పూయరాదా’ అని భార్య అడిగిందట. 1956ల టెఫాల్ కంపెనీ పుట్టింది. దోశెకు, గుడ్డుకు అది బాగనే ఉంటది. జొన్నరొట్టెకు మాత్రం పనికిరాదు. రొట్టెకు ఎండు పెనం మీద గట్టి వేడి కావాలె. నాన్‌స్టిక్‌ను ఉత్తగ అంత కాలిస్తే పూత పాడైతది. మా ఇంట్ల రెండు పెనాలు అట్లనే పొరలు లేసి పోయినయి. ‘జొన్నరొట్టె ఇప్పటి పెనాలకు కుదరదు’ అనుకున్నం. ఇది పెద్ద అబద్ధమని హ్యూస్టన్‌ల తెలిసింది. ఒక కొత్త పలకను నేర్వనీకి మా ఇంటామెకు పట్టింది పది దినాలు.

మరి రొట్టె ఎందుకు పోయింది? నా లెక్క ప్రకారం పెంకతోటి పోలేదు, చేన్లకెల్లి పోయింది.

జొన్న మనకు రెండు పంటలు. గింజ మనకు, సొప్ప ఎడ్లకు. 1964ల దేశంల మొదటి హైబ్రిడ్ జొన్న వచ్చింది, గింజ ఎక్కువ, కట్టె పొట్టి. సొప్ప తగ్గింది. వానకాలం పంట వానల పడితే గింజ నల్లబడ్డది. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, తప్పు పట్టను. మా అవ్వ తెల్లన్నం పండుగకు తిన్న మనిషి, దినాం తినే రోజు వచ్చిందని సంబురపడ్డది. అటెన్క బోర్లు పడ్డయి, చెరుకు, అల్లం, పత్తి వచ్చినయి. ట్రాక్టర్ వచ్చింది, ఎడ్లు పోయినయి. ఎడ్లు పోతే సొప్ప ఎవ్వరికి? సొప్ప అక్కర లేనప్పుడు జొన్న సగం పంట అయిపోయింది. జొన్న తగ్గింది, మిగిలిన ఒకరిద్దరి చేన్ల మీద ఊరి పిట్టలన్నీ వాలినయి. వాళ్లు కూడ ఇడిసిండ్రు. నేను 2009ల ఇడిసిన.

జొన్న మీద పరిశోధన చేసే ప్రపంచ సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి మన పటాన్‌చెరులనే ఉంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని చెప్పింది. మన పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు 1980ల నుంచి పాత విత్తనాలు కాపాడుకుంట వచ్చిండ్రు. అన్నీ మన ఇంటి చుట్టే ఉన్నయి. ఇంట్లనే లేదు.

జూన్ ఆఖరున మా అల్లుడు కార్పస్ క్రిస్టీ దిక్కు సముద్రం సూపెట్టనీకి తీసుకపోయిండు. తొవ్వల రెండు పక్కల ఎర్రటి కంకులు, నడుము ఎత్తు పంట, కంటికి ఆనినంత దూరం. బండి ఆపించి దిగిన. జొన్న! అమెరికాల కన్సాస్, టెక్సాస్ రాష్ట్రాలల్లనే జొన్న ఎక్కువ పండిస్తరట. ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగ పట్టుకొచ్చిన ఓడలల్ల ఈ గింజ కూడ అక్కడికి చేరిందంటరు. ఇప్పుడు అక్కడ అది ఎక్కువగ పశువుల దాణాకు, ఇథనాల్‌కు, ఎగుమతికి పోతది. మా ఇంటామె ఒక కంకిని చేతితో పట్టి సూసి, “ఇంత జొన్న పెట్టుకొని వీళ్లకు రొట్టె తెల్వదు. రొట్టె తెలిసిన మనకు జొన్న లేదు” అన్నది. నాకు ఏం మాట రాలే.

ఇంకోటి దాచొద్దు. మా అవ్వ పెంక ఇప్పుడు మా ఇంట్ల లేదు. ఆమె పోయిన మరుసటేడు పాత ఇనుప సామానాయన వస్తే, అరిగిన రెండు కర్రులతో పాటు తూకానికి ఏసిన. పైసలు ఎన్నొచ్చినయో కూడ యాదికి లేదు. ఎవ్వరూ బలవంతం చెయ్యలే, నేనే ఇచ్చిన. హ్యూస్టన్‌ల ఆ నల్ల పలకకు నూనె రాసుకుంట కూసున్నప్పుడల్ల అదే మతికొచ్చేది. మూడు తరాలు రాసిన నూనె నేను ఒక్క పూటల అమ్ముకున్న.

తిరిగొచ్చినంక సంతల వెతికి ఒక మందపు ఇనుప పెంక కొన్న. కొత్తది, ఇంకా బూడిద రంగే. దినాం కాల్చి నూనె రాస్తున్నం. నల్లబడుతుంది. పిండే కొనుక్కుంటున్నం. కొన్న పిండి పాతదైతే రొట్టె విరుగుతది, మీకు తెలుసు.

అందుకే ఈ యాసంగికి అర ఎకరం నల్లరేగడిల తెల్లజొన్న ఏస్తున్న. విత్తనం దొరికింది. ఒక్కటే భయం, పిట్టలు. అర ఎకరం ఒక్కటే ఉంటే కంకికి గింజ మిగలది. మా ఊరి వాగు పక్క చెల్కలున్న ఏడెనిమిది మంది ఈ రాత సదువుతరు. మీరు కూడ తలా అర ఎకరం ఏయండ్రి. పిట్టల వాటా అందరి మీద పడితే ఎవ్వరికీ బరువు కాదు. కావలి వంతులు ఏసుకుందాం. విత్తనం తక్కువ పడితే నా దగ్గర రెండు కిలోలు ఎక్కువున్నయి.

పెంక లేనోళ్లు మా ఇంటికి రాండ్రి. సంక్రాంతి దాటి కోత అయినంక కొత్త పిండి రొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. రొట్టె కొట్టేది మా ఇంటామె. అంచులు చినిగినయి కనపడితే అవి నేను కొట్టినయి.